మా సున్నం కింద ఎవరి బిడ్డ

పాపను తీసుకుని బందరు వెళ్తానని చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. మా అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే "నేను సుత వస్తా" అంది. వద్దనడం కంటే అది గట్టి అడ్డు.

పాపకు అప్పటికి పది నెలలు. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే నా దగ్గరికి రాలేదు, ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోకి వెళ్లింది. అక్కడ చాలా రోజులు ఉంది. ఇంటికి వచ్చాక కూడా నేను దాన్ని నమ్మలేదు. నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. తుమ్మితే థర్మామీటరు, ఎక్కిళ్లు వస్తే డాక్టరుకు ఫోను. చదువుకున్నదాన్ని, ఇవన్నీ మామూలేనని నాకు తెలుసు. తెలిస్తే భయం పోతుందని ఎవరన్నారు?

అలాంటిదాన్ని ఉప్పుగాలి ఊరికి పిల్లను ఎందుకు తీసుకుపోయానో చెప్పాలి. మా నాన్న వైపువాళ్లు బందరు క్రైస్తవులు. తాతయ్యకు సికింద్రాబాద్‌లో బడిపంతులు ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చేశారు. మా ఆయన వాళ్లు తరాలుగా బన్సీలాల్‌పేట్‌లో ఉన్న హిందువులు. ఇప్పుడు అందరం తిరుమలగిరిలో ఉంటున్నాం. నానమ్మకు మొదటి కాన్పు బందరులోనే అయింది. ఆడపిల్ల. బాప్తిస్మం ఇచ్చేలోపే పోయింది, అందుకని పేరు కూడా లేదు. మా ఇంట్లో దాన్ని "మొదటిది" అంటారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనరు.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ వస్తుంది. ఎవరి సమాధులు వాళ్లు కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సికింద్రాబాద్‌లో మాకు అప్పటికి సమాధులు లేవు. నానమ్మ ఒక డబ్బాలో సున్నం, కాగితంలో చుట్టిన కుంచె పట్టుకుని ఏటా బందరు రైలెక్కేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు నన్నూ తీసుకెళ్లింది. ఆ చిన్న సమాధి మూలలన్నీ గుండ్రంగా, మెత్తగా, నురగ గడ్డకట్టినట్టు ఉండేది. ఏళ్ల తరబడి కొట్టిన సున్నం అది. నేను కుంచె ముంచకుండా చెయ్యే ముంచేశాను. వేళ్లు చురుక్కుమన్నాయి. నానమ్మ తన చీర కొంగుతో తుడిచి, "అది కూడా నీలాగే, ఊరికే ఉండేది కాదు" అంది. ఆ పిల్ల గురించి ఆమె నాతో అన్న మాట అదొక్కటే. పని అయ్యాక సమాధి పక్కనే కూర్చుని మరమరాలు తిన్నాం.

నానమ్మ పోయాక నాన్న కొన్నాళ్లు వెళ్లాడు. తర్వాత మోకాళ్ల నొప్పులు వచ్చి మానేశాడు. ఈలోగా ఆ సమాధుల తోటకు మరమ్మతులు మొదలుపెట్టి గేటుకు తాళం వేశారు. ఆదివారం పొద్దున పాత ఊరి చరిత్ర చూపిస్తూ ఒక గైడ్ జనాన్ని నడిపించి తీసుకెళ్తాడని, ఆ గుంపుతో వెళ్తేనే లోపలికి రానిస్తారని నాన్న కనుక్కుని చెప్పాడు.

పాప అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు నేను అద్దం బయట నిలబడి నానమ్మతో ఒక మాట అన్నాను. దేవుడితో కాదు, నానమ్మతోనే. ఇది ఇంటికి వస్తే నీ మొదటిదాని దగ్గరికి తీసుకొచ్చి చూపిస్తాను, అని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా సముద్రం చూస్తాం, పాత కోట చూస్తాం అనే చెప్పాను. సమాధుల సంగతి దాచాను.

ఆదివారం పొద్దున కోట దగ్గర మేం పదిమందిమి దాకా చేరాం. గైడ్ ఆ ఊరివాడే. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. తలకు టోపీ, మెడలో చిన్న మైకు. పని మీద ప్రేమ ఉన్న మనిషి. అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఒకప్పుడు ఈ రేవు పేరు చెబితే ఎక్కడో దేశాల్లో కూడా గుర్తుపట్టేవారండీ," అన్నాడు. "మన అద్దకం గుడ్డలన్నీ ఇక్కడి నుంచే వెళ్లాయి. కానీ లోతు లేదు. ఓడలు దూరంగా లంగరేసుకుని ఆగిపోయేవి. సరుకంతా మసూలా పడవల్లో చేరవేసేవారు. ఆ పడవలకి మేకులుండవండీ. చెక్కలకి చెక్కలు కొబ్బరితాడుతో కుట్టేసేవారు."

"కుట్టిన పడవలకు నీళ్లు రావా సారూ?" అంది అత్తమ్మ.

"వస్తాయండీ. తోడి పోసుకుంటూ వెళ్లేవారు."

"అయితే వానల మా పాత ఇల్లు సుత గంతే."

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఆమె కళ్లన్నీ పాప టోపీ మీదే ఉన్నాయి. కోట గోడల్లో రావిమొక్కలు మొలిచాయి. కూలిన గది చూపించి ఇందులో మందుగుండు దాచేవారండీ అన్నాడు గైడ్. సముద్రం ఏదని ఎవరో అడిగితే అటు చెయ్యి చూపించాడు. అటు బురద, గడ్డి, దూరంగా కొత్త రేవు పనుల క్రేన్లు. సముద్రం వెనక్కి పోయిందట. పూర్వం ఒక రాత్రి మాత్రం అది ఊళ్లోకి వచ్చేసిందట. ఆ ఉప్పెనలో ఇళ్లకిళ్లే కొట్టుకుపోయాయని చెప్పాడు. నేను ఆ మాట సగమే విన్నాను. పాప మెడ చెమట పట్టింది. తుడవాలా, తుడిస్తే గాలి తగులుతుందా అని ఆలోచిస్తున్నాను.

గుంపులో బెజవాడ నుంచి కెమెరాతో వచ్చిన ఒకావిడ నా పక్కన నడుస్తూ, "ఇంత పసిదాన్ని ఎందుకు తీసుకొచ్చారండీ, పాపం," అంది.

"దానికిక్కడ పనుంది," అన్నాను.

ఆవిడ కెమెరా సర్దుకుంటూ ముందుకు నడిచింది.

ఎండ ముదురుతుండగా సమాధుల తోటకు వచ్చాం. గైడ్ తాళం తీస్తుంటే అత్తమ్మ గేటు సందుల్లోంచి లోపలికి చూసింది. ఆగిపోయింది.

"ఏందిది? బొందలగడ్డనా?"

"అవును అత్తమ్మా."

"సముద్రం అన్నవ్, కోట అన్నవ్. గిది చెప్పలే."

"చెప్తే రానిచ్చేవాళ్లా?"

"రానియ్యకపోదును!" అంది కోపంగా. వెంటనే గొంతు తగ్గించింది. "చూడు బిడ్డా. నీ తానికి నువ్వు పో, నేను వద్దన్ననా? మీ వాళ్లున్నరు, చూసుకో. పిల్లనియ్యి. నేను గీ చెట్టు కింద కూసుంట. నోట్ల పాలపండ్లు సుత రాలేదు, దీన్ని పట్టుకొని బొందలల్ల తిరుగుతరా ఎవరన్న?"

ఆమె చేతులు చాపింది. ఇచ్చేయాలని నాకూ అనిపించింది. నీడ ఉంది. ఫ్లాస్కులో వేడినీళ్లు ఉన్నాయి. ఆ అద్దాల పెట్టె బయట నాతో పాటు నిలబడ్డ మనిషి ఆమె. అయితే నానమ్మతో పాపను చూపిస్తానన్నాను గానీ, నేను చూసి వస్తానని అనలేదు కదా.

"పాపను తీసుకురావడానికే వచ్చాను, అత్తమ్మా."

"ఏమన్న అయితే?"

"ఏమైనా అయితే నేనే పడతాను."

"నువ్వు పడుడేంది? పడేది పిల్ల."

పాపను భుజం మీదికి ఎత్తుకుని గేటు దాటాను.

లోపల ముందు ఒకప్పటి విదేశీ వర్తకుల పెద్ద సమాధులు. రాళ్ల మీద ఓడలు, కపాలాలు, కుటుంబాల గుర్తులు చెక్కి ఉన్నాయి. పరాయి లిపి. గైడ్ ఒక్కొక్కటీ చదివి అర్థం చెబుతున్నాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"మాకు పెద్ద తలనొప్పి ఏమిటంటేనండీ, సున్నం. ఊళ్లోవాళ్లు ఏటా కొట్టీ కొట్టీ అక్షరాలన్నీ పూడ్చేశారు. తెలియనితనం. ఇప్పుడు మేం పొర తర్వాత పొర గీకుతున్నాం."

నాన్న చెప్పిన గుర్తులు నాకు బాగానే జ్ఞాపకం ఉన్నాయి. తూర్పు గోడ వైపు వేపచెట్టు. దాని దగ్గర గోపురం ఉన్న పెద్ద సమాధి. దాని పక్కన చిన్నది. గుంపును వదిలి అటు నడిచాను. వేపచెట్టు ఉంది, గోపురం ఉంది. పక్కన మా సమాధి లేదు. దాని చోట మూలలు తేలిన బూడిదరంగు రాయి ఒకటి ఉంది. దాని నిండా అక్షరాలు.

అది మాదేనని తెలుసుకోవడానికి కాస్త సమయం పట్టింది. సున్నమంతా గీకేశారు.

గైడ్ నా వెనకే వచ్చాడు. "ఇది చాలా ముఖ్యమైందండీ. ఒక వర్తకుడి కూతురు. రెండేళ్ల పిల్ల. దీని మీద సున్నం ఎంత మందం ఉందో తెలుసాండీ?" బొటనవేలు, చూపుడువేలు దూరంగా పెట్టి చూపించాడు. "ఎవరో పనిగట్టుకుని కొట్టారు."

"మా నానమ్మ," అన్నాను.

అందరూ నన్ను చూశారు. నానమ్మ సంగతి, మొదటిదాని సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. గైడ్ నవ్వాడు. దుర్మార్గపు నవ్వేం కాదు, చిక్కుముడి విడిపోయినవాడి నవ్వు.

"అయితే మీ నానమ్మగారు వేరేవాళ్ల పిల్లకి కొట్టారండీ, బతికినన్నాళ్లూ! పాపం, అక్షరాలు కనపడక పొరపాటు పడ్డారు."

ఒకరిద్దరు నవ్వారు. కెమెరా ఆవిడ "అయ్యో" అంది. ఆ అయ్యో నాకు నవ్వు కంటే ఎక్కువ తగిలింది.

"మరి మాది ఎక్కడుంది?"

"బాప్తిస్మం అవని పిల్లల్ని అప్పట్లో అదిగో, ఆ గోడవార పెట్టేవారండీ. వట్టి మట్టి దిబ్బలే. రాయీ రప్పా ఏమీ ఉండదు."

గోడవార గడ్డిలో, చూస్తే గాని తెలియని చిన్న చిన్న ఎత్తులు. వాటి మీదుగా అటూ ఇటూ మేకులు దిగ్గొట్టి దారం కట్టి ఉంది.

"ఆ దారం ఏమిటి?"

"బాటండీ. చూడ్డానికి వచ్చేవాళ్లు నడవడానికి. రేపు చదును చేస్తారు."

పాప నా జుట్టు పట్టుకుని లాగుతోంది. నానమ్మ పొరపాటు పడిందా? తన బిడ్డను పెట్టిన చోటు ఆమె మరిచిపోయిందంటే నేను నమ్మను. బందరు వానలకు మట్టి కరిగి, ఏది తనదో తెలియకుండా పోయి ఉంటుంది. అప్పుడు దగ్గరలో రాయి ఉన్న ఇంకో పిల్లను పట్టుకుందేమో. లేక నిజంగానే పొరపాటేమో. అడగడానికి ఆమె లేదు.

"ఆ వర్తకుడి తాలూకు వాళ్లెవరైనా ఎప్పుడైనా వచ్చారా?" అన్నాను.

"ఎక్కడొస్తారండీ, వాళ్లు వెళ్లిపోయి ఎంత కాలమైంది!"

"మరి దీని అక్షరాలు ఇంత బాగా ఎలా ఉన్నాయి? సున్నం లేని వాటిని చూడండి."

అతను చూశాడు. పక్క వరసలో రాళ్లు బయటికే ఉన్నాయి. ఎవరూ వాటికి సున్నం కొట్టలేదు. ఉప్పుగాలికి వాటి ముఖాలు సగం రాలిపోయాయి. వేలితో తడిమినా అక్షరం దొరకదు.

"అది... నిజమేనండీ," అన్నాడు. "ఒక రకంగా సున్నం కాపాడిందనే చెప్పాలి."

"ఒక రకంగా కాదు. మా నానమ్మ కాపాడింది. తెలియనితనం అన్నారు ఇందాక."

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మాట జారానండీ. తప్పే."

"బాట గోడవార వద్దు. అక్కడ పిల్లలున్నారు."

"ఉన్నారో లేదో, ఎవరో, ఎలా తెలుస్తుందండీ? ఒక్కదానికీ పేరు లేదు." కాసేపు ఆలోచించి మెత్తగా అన్నాడు. "పోనీ ఒక పని చేద్దాం. మీది ఏదో చూపించండి. అది వదిలేయమని మేస్త్రీకి చెప్తాను."

మంచి మనసుతోనే అన్నాడు. నేను ఆ ఎత్తుల్ని ఒక్కొక్కటిగా చూశాను. ఏదో ఒకటి చూపించేస్తే అయిపోయేది. ఇదిగో ఇదే మాది, అంటే ఎవరు కాదంటారు? మొదటిదానికి ఒక చోటు దొరికేది. నేను ఇచ్చిన మాట కూడా తీరేది. మిగతావాటి మీద జనం నడుచుకుంటూ పోయేవారు. చెయ్యి కొంచెం లేచింది కూడా.

"చూపించలేను," అన్నాను. "అందుకని అన్నీ మావే."

"అలా అంటే ఎలాగండీ!"

అప్పుడే పాప ఏడుపు అందుకుంది. ఆకలి ఏడుపు. నేను దారం దాటి లోపలికి వెళ్లి, రెండు ఎత్తుల మధ్య గడ్డిలో కూర్చున్నాను. చున్నీ కప్పుకుని పాలు పట్టాను.

"అమ్మా, మనకి ఇంకా గంటస్తంభం ఉందండీ," అన్నాడు గైడ్.

"మీరు వెళ్లండి."

"తాళం వేయాలి కదండీ. ఎంతసేపు పడుతుంది?"

"దాని ఇష్టం."

ధైర్యంగా కూర్చున్నానని అనుకోకండి. కింద చీమలున్నాయేమో, ఎండ దెబ్బ తగులుతుందేమో, అత్తమ్మ అన్నదే జరుగుతుందేమో అని ఒళ్లంతా భయంగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ బతకని పిల్లలు. మధ్యలో నా పిల్ల గుటకలు వేస్తోంది. భయం పోతుందేమోనని చూశాను, పోలేదు. భయంతోనే కూర్చున్నాను. కెమెరా ఆవిడ వచ్చి పాప మీద నీడ పడేలా నిలబడింది. ఫోటో తీయలేదు.

గేటు బయట నుంచి కేక వినపడింది. "ఎండల కూసున్నవేందే! పిల్ల మాడిపోతది, నీడకు రా!"

"రాను!"

"ఏమైందంట సారూ?" అని అత్తమ్మ గైడ్‌ను గేటు దగ్గరికి పిలిచింది. అతను వెళ్లి, నేను వింటున్నానని తెలిసి, చాలా జాగ్రత్తగా చెప్పాడు. ఆవిడగారి నానమ్మగారి పాప, గోడవార, బాట, పేరు లేదు.

"పసిపిల్లల మీదికెల్లి బాటనా?" అత్తమ్మ గొంతు తోటంతా వినపడింది. "తొక్కితే ఊకుంటరా వాళ్లు? గా భయానికే నేను గేటు దాటలే. మీరు దినాం జనాల్ని తోలుకొచ్చి తొక్కిస్తరా? నీకు పిల్లలున్నరా?"

"ఉన్నారండీ. ఇద్దరు."

"మరి?"

గేటు ఊచలు పట్టుకుని బయట అత్తమ్మ, దారం లోపల నేను. మా ఇద్దరి కారణాలు ఒకటి కావు. ఆమె చచ్చిపోయినవాళ్లకు భయపడుతోంది. నేను వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరని మండిపోతున్నాను. ఇంటికి వెళ్లాక దీని మీద మా ఇద్దరికీ పెద్ద గొడవే జరిగింది, అది వేరే సంగతి. ఆ పూటకు మాత్రం గైడ్ మా ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు.

అతను ఎవరికో ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో "లేదండీ, కదలడం లేదండీ," అని గొంతు తగ్గించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పెద్ద సమాధుల వెనక నుంచి తిప్పొచ్చట. కొంచెం చుట్టవుతుంది, ఫరవాలేదన్నారు. రేపు పొద్దున మేస్త్రీ రాగానే చెప్తానండీ."

పాప తాగడం అయిపోయింది. కాని నిద్రపోలేదు. కొత్త మొహాలను చూస్తోంది. నేను లేచి, దాన్ని చంకలో సర్దుకుని, ఆ ఎత్తులన్నిటి వైపూ తిప్పి చూపించాను. ఏదని తెలియదు కాబట్టి అన్నిటికీ చూపించాను. తర్వాత వర్తకుడి కూతురికీ చూపించాను. ఆ పిల్లా మాదే. ఆ సంగతి ఎవరినీ అడగక్కర్లేదు.

"రేపు కాదు," అన్నాను గైడ్‌తో. "రేపు మేం ఉండం. ఇప్పుడు తీయండి."

"ఇప్పుడాండీ? నేనా?"

"మీరే."

అతను నన్ను చూశాడు, పాపను చూశాడు, గేటు వైపు చూశాడు. వంగి, మొదటి మేకు పట్టుకుని అటూ ఇటూ కదిపి పీకాడు. దారం వదులై గడ్డి మీద పడింది. రెండోది నేను పీకాను. ఒక చేత్తో పాప, ఒక చేత్తో మేకు. అది అనుకున్నంత తేలిగ్గా రాలేదు.

"అయిపాయెనా? ఇంకేమన్న ఉన్నదా?" అని గేటు దగ్గర నుంచి అరిచింది అత్తమ్మ.

గోడ పొడుగునా చూశాను. ఆ చివరిదాకా మేకులే.

"ఇంకా ఉన్నాయి, అత్తమ్మా," అని తర్వాతి దాని దగ్గరికి నడిచాను.